సామాన్లాయన

ఆయన పోయాడని నాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పాత కార్లున్నవాళ్లు పెట్టుకున్న గ్రూపు అది. నిజానికి అందులో ఉన్నది నేను కాదు, మా ఆయన నెంబరు. మా ఆయన పోయి నాలుగేళ్లయినా ఆ నెంబర్ని ఎవరూ తీసెయ్యలేదు. నేనూ బయటికి రాలేదు.

ఆ మధ్యాహ్నం స్టాఫ్‌రూములో తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. ఫోను ఆగకుండా మోగుతుంటే తీసి చూశాను. హనుమాన్ జంక్షన్ బస్టాండులో ఎవరికో పంపాల్సిన పార్సిలు కండక్టరు చేతికిచ్చి, బెంచీ మీద కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడని రాశారు. చదివి, ఫోను పక్కన పెట్టి, మిగిలిన పేపర్లు దిద్దాను. ఒక పిల్ల మూత్రపిండం బొమ్మ చాలా అందంగా గీసి, భాగాలకి పేర్లు పెట్టడం మర్చిపోయింది. సగం మార్కులు వేశాను.

సాయంత్రానికి గ్రూపు నిండా దండం బొమ్మలు. ఏలూరు నుంచి ఒకాయన, ఎవరి దగ్గరైనా ఆయన ఫోటో ఉంటే పెట్టండని అడిగారు. ఎవరి దగ్గరా లేదు. ఇన్నేళ్లూ ఆయన అందరికీ ఫోటోలు పంపుతూనే ఉన్నాడు గానీ, అవన్నీ సామాన్లవి. అరచేతిలో కార్బురేటరు, అరచేతిలో హారన్ బటను, రెండు చేతుల మధ్య హెడ్‌లైటు రింగు. చివరికి ఒక్కొక్కరూ ఆ ఫోటోలే పెట్టడం మొదలుపెట్టారు. అన్నిట్లోనూ అవే చేతులు. గోళ్ల చుట్టూ నల్లటి గ్రీజు, ఎడమ బొటనవేలు కాస్త వంకర.

ఆయన పేరేమిటో ఫోనులో కూడా మా ఆయన రాసుకోలేదు. "సామాన్లాయన" అనే ఉంది. కారు పార్టుల్ని మెకానిక్కులు సామాన్లంటారు కదా, అదే పేరైపోయింది.

మా ఆయనకి ముసునూరు దగ్గర ఆరెకరాల మామిడితోట, హెరాల్డ్ అనే ఒక పాతకాలం కారు ఉండేవి. తోట వాళ్ల నాన్నగారు ఇచ్చింది. కారు తను తెచ్చుకున్నది. ఒక రైసు మిల్లు వెనకాల గడ్డిలో కూరుకుపోయి ఉంటే, నలుగుర్ని పెట్టి ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చారు. అప్పటికది కారు కాదు, రేకు. దాన్ని మళ్లీ కారు చెయ్యడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఆ తొమ్మిదేళ్లూ మా ఇంట్లో మా తోడికోడళ్ల కంటే, చర్చి పాస్టరు గారి కంటే ఎక్కువసార్లు వినపడిన మాట సామాన్లాయన.

మా ఆయన నన్నొకసారి సామాన్లాయన దగ్గరికి తీసుకెళ్లారు. బాపులపాడు అవతల, ఎవరో మామిడికాయలు ప్యాకింగు చేసుకోడానికి కట్టి వదిలేసిన రేకుల షెడ్డు. లోపల కాయల పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. వరిగడ్డి పరిచి, కాయలకి బదులు పార్టులు పెట్టాడు. బోర్డు లేదు, ఏ పెట్టె మీదా చీటీ లేదు. పొట్టిగా, బనీను మీద చొక్కా గుండీలు పెట్టుకోకుండా ఉండే మనిషి. అరవై దాటి ఉంటాయి. నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు. మా ఆయన డైనమో అడిగారు. ఆయన లోపలికెళ్లి, వెతక్కుండా, మూడో వరసలో కింది పెట్టెలోంచి తీసుకొచ్చాడు.

"ఇది చింతలపూడి డాక్టరుగారిదండి. ఊళ్లోనే తిరిగారు, దూరం పోలేదు. బ్రషులు అరగలేదు చూడండి."

"డాక్టరుగారు బండి అమ్మేశారా?" అని అడిగాను నేను.

"ఇప్పుడు నడపడం లేదులెండి," అన్నాడు.

దారిలో మా ఆయన చెప్పారు, ఇప్పుడు నడపడం లేదంటే చనిపోయారని అర్థమట. ఆయన ఎప్పుడూ అంతే అనేవాడు. ప్రతి సామానుకీ ముందు మనిషి గురించి చెప్పాకే సామాను చేతికిచ్చేవాడు. ఇది ఫలానా వకీలుగారిది, క్లచ్చి మీంచి కాలు తీసేవారు కాదు, అందుకే ప్లేటు ఇవ్వను, గేరు రాడ్ తీసుకోండి. ఇది ఒక దొరసాని టీచరుది, ఆదివారాలు మాత్రమే తీసేది. కొత్తవి ఎక్కడైనా దొరుకుతాయా అని ఎవరైనా అడిగితే ఒకటే జవాబు. "కొత్తది దొరకదండీ. కొత్తదానిలా వాడుకున్నవాడు దొరకాలి."

ఎవరి బండిలోనూ కూర్చునేవాడు కాదు. మా ఆయన కారు మొదటిసారి రోడ్డెక్కినప్పుడు నేరుగా ఆయన షెడ్డుకే తోలుకెళ్లి, ఎక్కండి, జంక్షన్ దాకా వెళ్లొద్దాం అన్నారట. ఆయన బానెట్ మీద చెయ్యి వేసి, "వద్దులెండి బాబుగారూ, కూర్చుంటే ఇష్టం పుడుతుంది" అని, తన మోపెడ్ మీద కారు వెనకాలే జంక్షన్ దాకా వచ్చాడట. ఈ ముక్క మా ఆయన ఎంతమందికి చెప్పారో.

కానీ సామాన్లాయన నెంబరు మాత్రం ఎవరికీ ఇచ్చేవారు కాదు. గ్రూపులో ఎవరైనా ఆ సామాను ఎక్కడ దొరికిందండీ అని అడిగితే "తెలిసినవాళ్ల దగ్గర" అని రాసేవారు. నెంబరిస్తే మన సామాన్లు వాళ్లకి పోతాయని భయం. ఆయన పోయిన రోజున తేలిందేమిటంటే, ఆ గ్రూపులో ప్రతి ఒక్కరూ అదే పని చేశారు. అందరూ ఆయన నాకొక్కడికే తెలుసనుకున్నారు.

మా కారులో నేను కూర్చునే వైపు తలుపుకి లోపలి హ్యాండిల్ లేదు. అద్దం సగమే దిగేది, చెయ్యి బయటికి పట్టేది కాదు. ఎక్కడికెళ్లినా బండి ఆపి, మా ఆయన చుట్టూ తిరిగొచ్చి తలుపు తీస్తేనే నేను దిగాలి. చర్చి ముందు ఇలా దిగుతుంటే ఆడవాళ్లు చూసి, "ఎంత మర్యాదండీ మీ ఆయనకి" అనేవాళ్లు. హ్యాండిల్ లేదని నేనెవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చాక మాత్రం విసుక్కునేదాన్ని. ఎండలో, ఆయన ఎవరితోనో మాట్లాడుతూ నిలబడిపోతే, నేను లోపల ఉడికిపోతూ కూర్చోవాలి. అప్పుడు ఫోను తీసి నా ముందే సామాన్లాయనకి చేసేవారు.

"ఏమండీ, హ్యాండిల్ సంగతేం చేశారు? మా టీచరమ్మ చర్చి మానేసేట్టుంది."

"ఎడమ తలుపుది కష్టమండి. భార్యలు గట్టిగా లాగుతారు," అనేవాడు అవతలి నుంచి.

ఆరేళ్లు వెతికాడు. దొరకలేదు.

మా ఆయన మే నెలలో పోయారు. కాయ కోతలు సగంలో ఉన్నాయి. తోటలో లోడు ఎత్తించి, నీళ్లు తాగి, మంచం మీద నడుం వాల్చారు. అంతే. గుండె అన్నారు. నాకు ఆ తర్వాత రోజులు వరసగా గుర్తులేవు. కోతలు ఎవరు పూర్తి చేయించారో కూడా తర్వాత అడిగి తెలుసుకున్నాను. ఏడవలేదు. ఏడిపించడానికి వచ్చిన చుట్టాలు చూసి చూసి వాళ్లే ఏడ్చి వెళ్లారు.

పోయినవాళ్ల ఇంట్లో చర్చివాళ్లు పెట్టే ఆదరణ కూడిక రోజున మా వాకిట్లో షామియానా వేశారు. సామాన్లాయన వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. ఆ రోజు చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు. పాటలు రాకపోయినా అందరితో పాటు లేచి నిలబడ్డాడు. వాక్యం అయ్యింది, ప్రార్థన అయ్యింది, భోజనాలకి లేస్తున్నారు. అప్పుడు నా దగ్గరికొచ్చి, చేతులు కట్టుకుని అడిగాడు.

"కారు ఏం చేద్దామనుకుంటున్నారమ్మా?"

మా మరిది పక్కనే ఉన్నాడు. "మనిషి పోయి పది రోజులు కాలేదు, సామాన్లకి వచ్చావా?" అని ఆయన భుజం పట్టుకుని గేటు దాకా నెట్టుకెళ్లాడు. ఆయన గేటు బయట మోపెడ్ స్టార్ట్ కాక, తోసుకుంటూ వెళ్లిపోయాడు. చుట్టాలు చాలాసేపు ఆ సంగతే మాట్లాడుకున్నారు. రాబందు అన్నారు. నాకు కోపం రావాలని తెలుసు. రాలేదు. వడ్డించేవాళ్లకి సాంబారు ఎక్కడుందో చెప్పాను.

సెప్టెంబరులో మా ఆయన ఫోను మోగింది. తెర మీద సామాన్లాయన అని ఉంది. ఎత్తాను.

"అమ్మా, నేనండి. బాబుగారు అడిగిన హ్యాండిల్ దొరికింది. ఎడమ తలుపుది. మిమ్మల్ని అడక్కుండా వేరేవాళ్లకి ఇవ్వకూడదు కదా."

తీసుకురమ్మన్నాను. ఎందుకు రమ్మన్నానో తెలియదు. కారు షెడ్డులో దుమ్ము పట్టి ఉంది, నాకు డ్రైవింగు రాదు.

మర్నాడు ఆదివారం వచ్చాడు. ఆయన సామాన్లు అమ్మడమే గానీ బిగించేవాడు కాదు, దానికి మెకానిక్కులు వేరే. ఆ రోజు మాత్రం స్క్రూడ్రైవరు తనే తెచ్చుకున్నాడు. తలుపు లోపలి అట్ట విప్పి, గంటసేపు కింద కూర్చుని బిగించాడు. నేను గడప దగ్గర కుర్చీ వేసుకుని చూస్తున్నాను.

"ఆ రోజు అలా అడిగారేంటండీ?" అన్నాను.

ఆయన తలెత్తలేదు. "అడక్కపోతే నెల తిరిగేసరికి పాత ఇనుము కింద తూచేస్తారమ్మా. ఎన్నో చూశాను. మంచి మంచి బండ్లు. ఎవరో ఒకళ్లు అడిగితే, ఓహో ఇది పనికొచ్చే వస్తువేనన్నమాట అని అనుకుంటారు. కొంతమంది నాకిస్తారు. కొంతమంది నా మీద కోపంతో దాచుకుంటారు. ఎట్లయినా తూకానికి పోదు." ఇంకో స్క్రూ బిగించి, "నాకు వ్యాపారం కూడా. లేదని చెప్పను" అన్నాడు.

బిగించాక, కూర్చుని చూడమన్నాడు. కూర్చున్నాను. ఆయన బయట నుంచి తలుపు వేసి రెండడుగులు వెనక్కి వెళ్లాడు. నేను హ్యాండిల్ లాగాను. తలుపు తెరుచుకుంది. నేనే దిగాను.

"బావుందామ్మా?"

"బావుందండి."

ఎవరిదని అడగబోయి ఊరుకున్నాను. ఆయనా ఆ ఒక్క సామాను గురించి ఏమీ చెప్పలేదు.

రెండేళ్లు ఆ కారు అలాగే ఉంది. ఎలకలు సీట్లలో దూది పీకాయి. ఒకరోజు మా మరిది వచ్చి, హైవే మీద కొత్తగా పెట్టిన హోటలు వాళ్లు కారు అడుగుతున్నారని చెప్పాడు. ముందు వైపు రాళ్ల దిమ్మె మీద నిలబెడతారట. రంగు వేస్తారట. బానెట్ తెరిచి ఇంజిను స్థానంలో పూలకుండీలు పెడతారట. "అన్నయ్య బండి వదినా. వచ్చేపోయేవాళ్లందరూ ఫోటోలు దిగుతారు. ఎంతకాలమైనా ఉంటుంది," అన్నాడు. అతను మంచికే చెప్తున్నాడు. వాళ్ల అన్నంటే ప్రాణం అతనికి.

నేను సామాన్లాయనకి ఫోను చేసి సంగతి చెప్పాను. ఏం చెయ్యమంటారని అడిగాను.

"నేను చెప్పకూడదమ్మా. నేను కొనేవాణ్ణి."

"మీకిస్తే ఏం చేస్తారు?"

"విప్పుతాను."

"విప్పితే?"

"నడుస్తున్న హెరాల్డులు నాకు తెలిసి ఈ చుట్టుపక్కల ఏడున్నాయి. తలా ఒకటి కావాలి వాళ్లకి. ఇంజిను కోసం ఒకాయన మూడేళ్ల నుంచి కూర్చున్నాడు."

ఆ రాత్రంతా ఏదో ఆలోచించానని చెప్పను. అన్నం తిని పడుకున్నాను. పొద్దున మా మరిదికి వద్దని చెప్పాను. అతను వారం రోజులు మా ఇంటికి రాలేదు.

విప్పడానికి నాలుగు రోజులు పట్టింది. వేసవి సెలవులు, నేను ఇంట్లోనే ఉన్నాను. వాకిట్లో టార్పాలిన్ పరిచి ఒక్కోటి తీసి పెట్టాడు. ఆ బండికి బానెట్ ఒక్కటే కాదు, మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా ముందుకి వంగి లేస్తుంది. దాన్ని దింపడానికి పక్క తోటలో కాయ కోస్తున్నవాళ్లు ఇద్దరు వచ్చి పట్టుకున్నారు. సీటు కింద దొరికినవన్నీ ఒక స్టీలు పళ్లెంలో వేసి నాకిచ్చాడు. రెండు తలపిన్నులు, ఖాళీ చర్చి కానుక కవరు, ఎండిపోయిన రసం మామిడి టెంక, ఒక బోల్టు. బోల్టు మాత్రం మళ్లీ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "ఇది ఈ బండిది కాదు" అని పళ్లెంలో వేశాడు.

సామాన్లకి చీటీలు కడతానన్నాను. స్కూల్లో ల్యాబు సీసాలకి కట్టే చీటీలు నా దగ్గర బోలెడున్నాయి.

"నాకు చదవడం రాదమ్మా," అన్నాడు. "రాసి పెట్టుకుంటే మర్చిపోతాం కూడా."

"నాకోసం కడతానండి."

సరేనన్నాడు. ఒక్కోటి పైకెత్తి పేరు చెప్పేవాడు, నేను రాసి దారం కట్టేదాన్ని. ఆ తర్వాత అది ఎవరికి వెళ్తుందో చెప్పేవాడు. అద్దం ఏలూరు, వెనక ఇరుసు తణుకు, స్టీరింగు ఒక రిటైరైన హెడ్మాస్టరుగారికి, చేతులు వణుకుతాయట, గట్టిది కావాలట. మూడో రోజు ఇంజిను గొలుసు కట్టి మామిడికొమ్మకి వేలాడదీసినప్పుడు ఆయన కాసేపు పని ఆపాడు.

"మామూలుగా నేను నడుస్తుండగా చూసిన బండి విప్పనమ్మా. వేరేవాళ్లకి అప్పజెప్తాను. ఇది అప్పజెప్పబుద్ధి కాలేదు."

ఆయన మొహం చూస్తే నిజంగానే బాగాలేదు. నేను మంచినీళ్లిచ్చాను. నాకెవరితోనూ అనని మాట ఆయనతో అనాలనిపించింది.

"నాకేమీ అనిపించట్లేదండి. ఆయన పోయిన రోజు నుంచీ అంతే. ఇప్పుడూ అంతే. నా కళ్ల ముందే ఇదంతా అవుతుంటే ఎవరి బండో అన్నట్టుంది."

ఆయన నీళ్లు తాగి, గ్లాసు గట్టు మీద పెట్టి, తుండుతో మూతి తుడుచుకున్నాడు.

"అనిపించాలని ఏముందమ్మా. పొద్దున్నే లేచి నాకు టీ పెట్టారు. చీటీలు కడుతున్నారు. చాలదా?"

మళ్లీ గొలుసు పట్టుకున్నాడు. నేను తర్వాతి చీటీ రాశాను. నాలుగేళ్లలో నాకు ఎవరైనా ఏమైనా చెప్పారంటే, అదే. పాస్టరు గారు చాలా చెప్పారు, మా అక్క చాలా చెప్పింది. ఒక్కటీ గుర్తులేదు.

ఏమైనా ఉంచుకుంటారా అని చివరి రోజు అడిగాడు. వద్దన్నాను. టాటా ఏస్‌లో మూడు ట్రిప్పులు వేసి తీసుకెళ్లిపోయాడు. వాకిలి ఊడ్చుకున్నాను. ఆ తర్వాత ఆయన్ని చూడలేదు. ఎప్పుడైనా ఫోటో వచ్చేది, ఏ మాటా ఉండేది కాదు. ఎవరిదో కారుకి మా వెనక లైటు. ఎవరిదో డ్యాష్‌బోర్డు మీద మా గడియారం. చూసి ఊరుకునేదాన్ని.

ఆయన పోయిన వారానికి బాపులపాడు షెడ్డుకి వెళ్లాను. ఆయన కూతురు తాళం తీసి కూర్చుంది. ఏదో బట్టల షాపులో పనిచేస్తుందట, సెలవు పెట్టి వచ్చింది. గ్రూపులోవాళ్లు నలుగురైదుగురు అప్పటికే పెట్టెలు కదిలిస్తున్నారు. ఇది నాకు చెప్పి పెట్టారంటే ఇది నాకని ఇద్దరు వాదించుకుంటున్నారు. ఏది దేనిదో ఎవరికీ తెలియదు. ఒకాయన ఏదో బండి ఇంజిను పెట్రోలు పంపు చేతిలో పట్టుకుని, "ఇది ఎవరిదమ్మా?" అని ఆ అమ్మాయిని అడిగాడు.

"నాకెట్లా తెలుస్తుందండి," అంది. తర్వాత నాతో మెల్లగా, "ఎవరి బండికి ఏ సామాను వేశాడో అన్నీ చెప్పేవాడండి. నా పెళ్లి ఏ సంవత్సరమో అడిగితే అమ్మని పిలిచేవాడు," అంది. అందులో కోపమూ లేదు, నవ్వూ లేదు. ఆమె పక్కన కాసేపు కూర్చున్నాను.  మా బండి చీటీలు ఒకటి రెండు పెట్టెల్లో కనపడ్డాయి, నా చేతిరాత. వాటిని అలాగే వదిలేసి వచ్చాను.

మొన్న శనివారం, నేను మాగాయకి ముక్కలు తరుగుతుంటే, మా ఆయన ఫోను మోగింది. తెలియని నెంబరు. చెయ్యి కడుక్కుని ఎత్తాను.

"నమస్తే అండి. టీచరుగారేనా? నేను చింతలపూడి అవతల నుంచి మాట్లాడుతున్నానండి. మీవారి బండి ఇంజిను సామాన్లాయన నాకే ఇచ్చారు."

"చెప్పండి."

"సిలిండర్లు బోరింగు చేయించేసరికి ఇంతకాలం పట్టిందండి. ఇవాళ పొద్దున స్టార్ట్ అయింది. స్టార్ట్ అయిన రోజు ముందు టీచరమ్మకి వినిపించండి, నాకు తర్వాత అన్నారండి ఆయన. నెంబరు కూడా ఆయనే ఇచ్చారు. ఇప్పుడు ఆయన..." అని ఆగిపోయారు.

"తెలుసండి."

"వినిపించమంటారా?"

వినిపించమన్నాను. ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు. ఎవరో ఆడమనిషి, "కోళ్లు బెదురుతున్నాయండీ" అంటోంది. తర్వాత ఇంజిను. ఒకసారి ముక్కి ఆగింది, మళ్లీ అందుకుంది. నేను స్టవ్వు ఆపి, ఫోను చెవికి ఆనించుకుని విన్నాను. గుర్తుపట్టడానికి చాలా ప్రయత్నం చేశాను. తొమ్మిదేళ్లు బాగు చేయించారు, ఆరేళ్లు అందులో తిరిగాను, ఎన్ని వందలసార్లు విని ఉంటానో. ఏదో ఒక పాత ఇంజిను తిరుగుతున్నట్టుంది తప్ప, నాకేమీ గుర్తు రాలేదు.

ఆయన మళ్లీ ఫోను తీసుకున్నారు. చప్పుడు మీద గట్టిగా అరిచి అడగాల్సి వచ్చింది.

"ఎలా ఉందండీ? అలాగే ఉందా?"

"అదేనండి," అన్నాను. "అలాగే ఉంది."

అవతల ఆయన ఆ మాట వాళ్లావిడకి చెప్పడం వినపడింది. తర్వాత నాతో, "ఆపేయమంటారామ్మా?" అన్నారు.

"కాసేపు ఉండనివ్వండి," అన్నాను.